పెదవులు మాత్రం ఆడించమన్నారు: 47 ఏళ్ళ వయసులో బృందగానంలో చేరడం గురించి

ఒంగోలు నుంచి రాసిన సోదరికి నమస్కారం.

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీకు 47 ఏళ్ళు. ఎనిమిదో తరగతిలో ఉండగా, బడి వార్షికోత్సవానికి ప్రార్థనాగీతం నేర్పుతున్న మాస్టారు మిమ్మల్ని పక్కకు పిలిచి, "నువ్వు పెదవులు ఆడించమ్మా చాలు, గొంతు కలపొద్దు" అన్నారు. ఆ రోజు నుంచి ఈ 34 ఏళ్ళలో పిల్లల్ని నిద్రపుచ్చడానికి తప్ప మీరు గొంతు విప్పలేదు. ఇప్పుడు పిల్లలు చదువులకు వెళ్ళిపోయారు. మీ వీధి చివర గుడిలో శనివారం సాయంత్రాలు కూడి పాడుకునేవారు మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు. మీ గొంతు బొంగురనీ, శ్రుతి నిలవదనీ, సరిగమలు రావనీ, ఇంట్లోవాళ్ళు నవ్వుతారేమోననీ మీ సంకోచం. ఈ వయసులో చేరితే ఏం దక్కుతుందన్నది మీ ప్రశ్న.

తప్పకుండా చేరండి. నేను నెల్లూరులో 25 ఏళ్ళుగా ఇలాంటి ఒక బృందంలో పాడుతున్నాను, అందులో చివరి 14 ఏళ్ళుగా కొత్తవారికి నేర్పే పని నాదే. బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. నేను మొదటిసారి సరళీస్వరాలు, అంటే సంగీతంలో తొలి పాఠాలు, పట్టుకున్నది 38 ఏళ్ళకు. కాబట్టి మీరు నిలబడి ఉన్న గడప నాకు బాగా తెలుసు. ఏం దక్కుతుందో చెప్పేముందు, ఆ మాస్టారి మాట సంగతి తేల్చాలి, ఎందుకంటే అది మీలో కూర్చుని ఉన్నంతకాలం మీరు బృందంలోకి వెళ్ళినా పెదవులే ఆడిస్తారు.

మీరు రాసిన వివరాలను బట్టి నాకు తోచిన కారణం ఇది. బడిలో పిల్లల చేత పాడించేటప్పుడు హార్మోనియం మీద శ్రుతిని, అంటే పాటకు ఆధారమైన 'స'ను, సాధారణంగా ఐదున్నరకో ఆరుకో పెడతారు; అంకె పెరిగేకొద్దీ పాట పైకి పోతుంది. చిన్నపిల్లల గొంతుకు, సన్నని గొంతున్న ఆడవారికి అది హాయిగా ఉంటుంది. అయితే పదమూడేళ్ళ వయసులో మగపిల్లల గొంతు పగిలి మారినట్టే ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. ఆ మార్పు మగపిల్లల్లో కనబడినంత స్పష్టంగా ఆడపిల్లల్లో బయటికి కనబడదు గనుక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గొంతులో గాలి చప్పుడు ఎక్కువవుతుంది, స్థాయి రెండు మూడు మెట్లు కిందికి దిగుతుంది, పైస్థాయికి పోబోతే జీర వస్తుంది. మీది స్వతహాగా మంద్రమైన, అంటే కిందిస్థాయి గొంతు అయితే, ఆరు శ్రుతిలో తారస్థాయి, అంటే పైస్వరాలు అందుకోలేక, తోటి పిల్లలకంటే కిందుగా, ఏదో ఒక స్వరం మీద ఆగిపోయి ఉంటారు. దాన్నే ఆయన అపశ్రుతి అన్నారు. శ్రుతిని ఒకటిన్నర మెట్టు దించి ఉంటే ఆ రోజు మీరు పాడగలిగేవారే. నాకు ఆయన మీద కోపం రావడం లేదు గాని, ఒక పిల్ల గొంతును 34 ఏళ్ళు మూయించిన మాట అంత తేలిగ్గా అన్నందుకు బాధగా ఉంది.

నిజంగా స్వరాల తేడాను గుర్తించలేని మనుషులు ఉంటారు. కానీ వారు నూటికి ఒకరిద్దరు మాత్రమే. అలాంటివారికి తెలిసిన పాటనైనా, మాటలు తీసేసి వరస ఒక్కటే వినిపిస్తే, ఫలానా పాట అని గుర్తుపట్టడం కష్టం. మీరు రేడియోలో పాట ఎత్తుగడ వినగానే అది ఏ పాటో చెప్పగలరా? మీ అమ్మగారు పాడిన లాలిపాటను పక్కింటావిడ తప్పుగా పాడితే మీకు తెలుస్తుందా? తెలుస్తుందంటే మీ చెవి చక్కగా ఉన్నట్టే. మిగిలింది చెవికీ గొంతుకూ మధ్య దారి. ఆ దారి నడవక గడ్డి మొలిచిందంతే, మూసుకుపోలేదు.

మీ శ్రుతి ఏదో ఇంట్లోనే తెలుసుకోండి. ఉదయం లేవగానే కాదు, గొంతు కాస్త తెరుచుకున్నాక, పది గంటల వేళ, ఫోనులో తంబురా పెట్టే యాప్ ఒకటి దింపుకుని నాలుగు శ్రుతిలో మోగించండి. నోరు మూసుకుని 'మ్' అని ఆ షడ్జాన్ని, అంటే 'స'ను పట్టుకోండి. అక్కడి నుంచి కిందికి మంద్ర పంచమం (కింది 'ప') దాకా గొంతు మునిగిపోకుండా, పైకి తార షడ్జం (పై 'స') దాకా మెడనరాలు బిగుసుకోకుండా పోయి రాగలిగితే అది మీ శ్రుతి. కింద గొంతు మునిగితే నాలుగున్నర, ఐదు పెట్టి చూడండి. పైన బిగుసుకుంటే మూడుకు దించండి. 47 ఏళ్ళ ప్రాంతంలో ఆడవారి గొంతు మరికాస్త కిందికి దిగడం శరీరధర్మం. ఇరవై ఏళ్ళ వయసులో ఐదున్నరకు పాడినవారు కూడా ఈ వయసులో ఐదుకో నాలుగున్నరకో వస్తారు. దాన్ని గొంతు పాడవడంగా భావించకండి. మా బృందంలో మంద్రస్థాయిలో నిండుగా పలికే గొంతులు నాలుగే ఉన్నాయి, ఆ నలుగురూ యాభై దాటిన ఆడవారే. వారు రాని రోజున పాట కింద నేల లేనట్టు ఉంటుంది.

ఇక శ్రుతి నిలవకపోవడం గురించి. మా దగ్గరికి ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్దాయన వచ్చారు. లారీల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసి విశ్రాంతి తీసుకున్నవారు. ఏ పాటనైనా ఆయన ఒకే స్వరం మీద, గట్టిగా, పరమ భక్తితో పాడేవారు. పక్కన కూర్చున్నవారు మెల్లగా జరిగి కూర్చునేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు, అయినా వచ్చేవారు. ఒకరోజు అందరూ రాకముందే ఆయన్ని కూర్చోబెట్టి, "మీకు ఏ స్థాయిలో వస్తే ఆ స్థాయిలో ఓంకారం పలకండి, నేను హార్మోనియం మీద మీ వెంట వస్తాను" అన్నాను. అంతకుముందు అందరూ ఆయన్ని తమ శ్రుతిలోకి రమ్మన్నవారే. ఆయన పలికారు. నేను మెట్లు తడుముకుంటూ వెళితే ఒకటికి కింద, మంద్రంలో ఏడో మెట్టు దగ్గర దొరికారు. ఆ మెట్టును పట్టి ఉంచాను. గొంతూ హార్మోనియమూ దగ్గరగా వచ్చినప్పుడు వాటి మధ్య ఒక అదురు వినిపిస్తుంది, 'వవ్‌వవ్‌వవ్' అని అలలాగా. రెండూ దగ్గరయ్యే కొద్దీ ఆ అల నెమ్మదించి, పూర్తిగా కలిసిన క్షణాన ఆగిపోతుంది. ఆయన ముఖంలో భయం కనిపించింది. పాడటం ఆపేసి, "ఏందమ్మా, నా గొంతు నాకు వినబడటంలా. ఆగిపోయిందనుకుంటి" అన్నారు.

ఆగిపోలేదు, కలిసింది. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆయన గొంతు మరొక నాదంతో కలవడం అదే మొదలు. ఆ తరువాత అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టే పైకి తీసుకెళ్ళాము. మాలో ఆరుగురం ఆయన స్థాయికి దిగి, ఆయనతో కలిసి పైకి ఎక్కేవాళ్ళం. ఒకటి శ్రుతిలో నిలబడటానికి పదకొండు ఆదివారాలు పట్టింది. ఇప్పటికీ ఆయన గమకాలు (స్వరాల ఊపులు) పలకలేరు, తారస్థాయి వచ్చినప్పుడు ఒక స్థాయి కిందుగా పాడతారు. కానీ శ్రుతి తప్పరు.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఆ పెద్దాయన మాటలోనే ఉంది. బృందగానంలో పెద్దవయసు మనిషికి దక్కే ఆనందం గొంతులో కంటే చెవిలో ఎక్కువగా ఉంటుంది. మీ గొంతు పక్కవారి గొంతులో కలిసి, మీకు విడిగా వినబడకుండా పోయి, అయినా అది అక్కడే ఉందని మీ ఎముకలకు తెలుస్తూ ఉండే ఒక స్థితి వస్తుంది. ఒక్కరే పాడుకునేటప్పుడు అది రాదు, వేదిక మీద ఒంటరిగా పాడే విద్వాంసులకు కూడా రాదు. వారికి దక్కేది వేరే, అది గొప్పదే. దీని దారి దీనిదే. ఇల్లు, ఉద్యోగం, పిల్లలు, అత్తమామల ఆరోగ్యం, ఇన్నింటికీ ఇరవై ఏళ్ళుగా మీ పేరు పెట్టి పిలుస్తూ ఉండగా, ఒక గంటసేపు ఎవరూ మిమ్మల్ని విడిగా పిలవకుండా, అయినా మీరు లేకపోతే లోటు తెలిసే చోట కూర్చోవడం ఎంత విశ్రాంతో నేను మాటల్లో పూర్తిగా చెప్పలేను.

గుంపులో గోవింద అనే మాటను మనం చులకనగా వాడుతాం. పని చేయకుండా పదిమందిలో దాక్కునేవాణ్ణి అలా అంటాం. తిరుమల కొండ మెట్లు ఎక్కినవారికి తెలుసు, అక్కడ గోవింద అన్నవాడు దాక్కోవడం లేదు. ముందు మెట్టు మీదివాడు మోకాళ్ళు పట్టి ఆగినప్పుడు వెనకవాళ్ళ గోవిందే అతన్ని ఇంకో పది మెట్లు ఎక్కిస్తుంది. పాటలోనూ అంతే జరుగుతుంది, దానికి ఒక పద్ధతి కూడా ఉంది. దీర్ఘమైన పంక్తి ఏ ఒక్కరి ఊపిరికీ అందదు. అందుకని మేము ఊపిరి తీసుకునే చోట్లను పంచుకుంటాము. పక్కపక్కన ఉన్న ఇద్దరు ఒకేసారి ఊపిరి పీల్చకూడదు. మాట మధ్యలోనైనా సరే, నెమ్మదిగా గొంతు తగ్గించి, గాలి తీసుకుని, మళ్ళీ అంతే నెమ్మదిగా వచ్చి కలవాలి. బయట వినేవారికి పాట ఎక్కడా తెగకుండా, ఒకే పొడవాటి ఊపిరిలాగా వినిపిస్తుంది. ఆస్తమా ఉన్న ఒక సోదరి మా బృందంలో పన్నెండేళ్ళుగా పాడుతున్నారు. ఆమె ఒంటరిగా నాలుగు మాటలకు మించి పట్టలేరు, అయినా మా పాటలో అతి పొడవైన పంక్తులన్నింటిలో ఆమె ఉన్నారు.

ఈ ఊపిరి సంగతిలో శాస్త్రజ్ఞులు గమనించినది కూడా ఉంది. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కొందరు పరిశోధకులు కలిసి పాడేవారి గుండె వేగాన్ని కొలిచి, పాటలోని పంక్తుల పొడవును అనుసరించి ఊపిరి నడుస్తుందనీ, ఊపిరిని అనుసరించి గుండె వేగం పెరిగి తగ్గుతుందనీ, అందువల్ల కలిసి పాడేవారి గుండెలు కూడా ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటాయనీ చూపించారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పాట నేర్చుకునే పెద్దలనూ, చేతిపనులు, రచన నేర్చుకునే పెద్దలనూ ఏడు నెలలు గమనించారు. ఏడు నెలలు గడిచేసరికి అన్ని తరగతులవారూ తోటివారితో దగ్గరయ్యారు, కానీ పాడేవారిలో ఆ దగ్గరితనం మొదటి నెలలోనే వచ్చింది. మా బృందంలో కొత్తగా చేరినవారి విషయంలో నేను ప్రతిసారీ చూసేది ఇదే. ఊరు, కులం, ఉద్యోగం అడిగి తెలుసుకోకముందే, ఈమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో పక్కామెకు తెలిసిపోతుంది.

మన జిల్లాలవారికి ఈ కలిసి పాడే పని కొత్తగా ఎక్కడి నుంచో తెచ్చుకోవలసినది కాదు. త్యాగరాజస్వామి వారి ఇంటిపేరు కాకర్ల. అది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, కంభం దాటి అర్ధవీడు వైపు పోతే వచ్చే కాకర్ల గ్రామం నుంచి వచ్చిందనీ, వారి పూర్వులు అక్కడి నుంచే తమిళదేశానికి వెళ్ళారనీ చెబుతారు. సంగీత త్రిమూర్తుల్లో మరొకరైన శ్యామశాస్త్రి గారి పూర్వులది కంభం అంటారు. త్యాగరాజస్వామి అనగానే కచేరీ కృతులే గుర్తొస్తాయి గాని, ఆయన ఉంఛవృత్తికి, అంటే ఇంటింటా భిక్ష స్వీకరించడానికి, శిష్యులతో వీధి వెంట పాడుతూ వెళ్ళినవారు, గుంపుగా పాడుకోవడానికే ప్రత్యేకంగా దివ్యనామ కీర్తనలూ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ చేసినవారు. దివ్యనామ కీర్తనల్లో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ఒక్క చరణం వస్తే మిగిలినవన్నీ వచ్చినట్టే, సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే వరసలు, ఉండవు, స్థాయి కూడా మరీ పైకి పోదు. సరిగమలు రాని మీవంటివారిని దృష్టిలో ఉంచుకుని, రెండు వందల ఏళ్ళ కిందట ఒక మహావిద్వాంసుడు ఎంత శ్రద్ధ తీసుకున్నాడో చూడండి. మీ గుడి బృందం వారిని అడిగి వీటితోనే మొదలుపెట్టండి. రామదాసు కీర్తనలు కూడా మొదట్లో బాగా నప్పుతాయి.

త్యాగరాజస్వామి పంచరత్న కృతులు తరువాతి మాట. పుష్య బహుళ పంచమి నాడు ఆయన పేర జరిగే ఆరాధనలో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల ఆ అయిదు కృతులనూ పదిమందీ కలిసి పాడుతుంటే మీకూ గొంతు కలపాలనిపిస్తుంది. ఊరికే వెళ్ళి రెండో వరుసలో కూర్చుని, వచ్చిన చోట కలపండి, రానిచోట వినండి. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని సంగీతంవారిలో ఒక నమ్మకం ఉంది. నేర్పితే ఇద్దరికీ పొరపొచ్చాలు వస్తాయంటారు. అందుకని ఆ కృతిని గోష్ఠిలో, అంటే అందరూ కలిసి పాడేచోట, వింటూ వింటూ పట్టుకున్నవారు చాలామంది. నాకూ అది అలాగే వచ్చింది, ఏడు ఆరాధనలు పట్టింది. ఇంకొక మాట. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సొంత ఆస్తితో కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారికి, ఆడవారు అక్కడ గోష్ఠిలో పాడటానికి వీలు లేదన్నారు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. ఆడవారు గొంతు కలపొద్దన్న మాట విన్నప్పుడల్లా నేను ఆమెను తలచుకుంటాను.

గుడి బృందం ఒక్కటే దారి అని కూడా అనుకోకండి. నెల్లూరులో ధనుర్మాసం తెల్లవారుజామున పెన్న ఒడ్డున రంగనాథస్వామి కోవెలకు వెళితే, చలిలో శాలువాలు కప్పుకుని తమిళ తిరుప్పావై పాశురాలు గోష్ఠిగా చెప్పేవారిలో సగంమందికి తమిళం మాట్లాడటం రాదు. ఒంగోలులో 1866లో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు వచ్చినప్పటి నుంచి వేళ్ళూనిన బాప్టిస్టు సంఘాల్లో క్వయర్, అంటే చర్చి బృందగానం, సంప్రదాయం గట్టిగా ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయని చాలామందికి తెలియదు. క్రిస్మస్ ముందు నెలరోజులు అక్కడ పెద్దవాళ్ళు పనులు ముగించుకుని వచ్చి రాత్రి తొమ్మిది దాకా అభ్యాసం చేస్తారు. నా సహోద్యోగి ఒకామె అక్కడ ఆల్టో పాడేవారు, అంటే ఆడవారిలో కింది గొంతు. ఆమె ఒకసారి అన్నమాట నేను మరిచిపోలేదు: "పైన పాడేవాళ్ళ పాటను జనం గుర్తుపెట్టుకుంటారు. మా వరస ఎవరికీ గుర్తుండదు. కానీ మేము ఆపేస్తే ఏదో తగ్గిందని గుడి మొత్తానికీ తెలుస్తుంది."

ఆ ఆల్టో సంగతి మన సంగీతానికి పూర్తిగా అందని వస్తువేమీ కాదు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం. బి. శ్రీనివాసన్ గారు 1971లో మద్రాసు యూత్ క్వయర్‌ను స్థాపించి, భారతీయ భాషల పాటలను రాగం చెడకుండా రెండు మూడు వరసల్లో కలిపి పాడించారు. సంగీతం రాని వందలాది మంది బడిపిల్లల చేత, మామూలు మనుషుల చేత ఆయన పాడించిన తీరు ఇప్పటికీ మాబోటివాళ్ళకు పాఠమే. మేము కూడా ఏడాదికి ఒక లలితగీతాన్ని రెండు వరసల్లో నేర్చుకుంటాము. ఒక వరసవారు పల్లవిని నడిపిస్తుంటే రెండోవారు షడ్జ పంచమాల మీద నిలిచి ఉంటారు. అలా నిలిచి ఉండటం వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. పక్కవారి వరస మిమ్మల్ని లాగుతూ ఉంటుంది, చెవి ఒప్పుకుంటుంది, గొంతు ఒప్పుకోకూడదు. ఆ లాగుడుకు ఆగి నిలబడిన మొదటి సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్ళాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

మీరు చేరబోయే బృందంలో మగవారూ ఆడవారూ కలిసి పాడతారని రాశారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మగవారికి ఒకటి, రెండు శ్రుతులు, ఆడవారికి ఐదు ప్రాంతం. ఆ రెంటికీ మధ్య దూరం సుమారు ఒక పంచమం. అందుకని కలిసి పాడేటప్పుడు మూడుకో నాలుగుకో పెట్టి, మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాటని పాటలను ఎంచుకోవాలి. మగవారికి అది కాస్త పైన, సన్నని గొంతున్న ఆడవారికి కాస్త కింద. మీ గొంతుకు మాత్రం అది సరిగ్గా సరిపోతుందని నా అంచనా. బడిలో ఏ గొంతును వద్దన్నారో, పెద్దల బృందంలో ఆ గొంతుకే ముందుగా చోటు దొరుకుతుంది.

అన్ని బృందాలూ మంచివే అని నేను చెప్పను. నేను మొదట చేరిన బృందంలో నడిపేవారు తాము పాడుతుంటే మిగిలినవారు వంతపాడాలనుకునేవారు. మైకు ఎప్పుడూ వారి ముందే ఉండేది. పురమందిరంలో ఒక కార్యక్రమానికి నాలుగు నెలలు అభ్యాసం చేయించి, చివరి రోజున గొంతులు సన్నగా ఉన్న ఆరుగురిని మాత్రం వేదిక ఎక్కించి, మిగిలినవారిని పూలదండల పనికి పంపారు. ఆ మిగిలినవారిలో నేనూ ఉన్నాను. తరువాతి వారం నుంచి వెళ్ళలేదు, ఏడాదిపాటు మరెక్కడికీ వెళ్ళలేదు. అందుకని మీరు మొదటి రెండు శనివారాలు ఊరికే కూర్చుని గమనించండి. తప్పు పాడినవారి పేరు పెట్టి అందరి ముందు చెబుతున్నారా, లేక ఆ పంక్తిని అందరి చేతా మళ్ళీ పాడిస్తున్నారా? శ్రుతి పెట్టేముందు ఎవరి గొంతు ఎంతవరకు పోతుందో అడుగుతున్నారా? ఎనభై ఏళ్ళ అవ్వ ఎవరైనా ఉన్నారా, ఆమె పక్కన ఎవరు కూర్చుంటున్నారు? ఆ చివరి దాన్ని బట్టి నేను బృందం సంగతి దాదాపు ఎప్పుడూ సరిగ్గానే పోల్చుకున్నాను.

పాడేటప్పుడు మీరు పాటించవలసింది ఒక్కటే నియమం అనుకోండి: పక్కవారి గొంతు మీకు వినబడాలి. మన గొంతు మనకు పుర్రె ఎముకల గుండా కూడా చేరుతుంది గనుక ఎప్పుడూ అసలుకంటే పెద్దగానే వినిపిస్తుంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే మనమూ గొంతు పెంచుతాము, పక్కవారూ పెంచుతారు, చివరికి అందరూ అరుస్తారు, ఎవరికీ శ్రుతి అందదు. పక్కామె వినబడకపోతే మీరు తగ్గించండి. ఆమె వినబడి మీరు వినబడకపోతే, పెద్దాయన చెప్పిన ఆ క్షణం దగ్గరపడిందని అర్థం, భయపడి పెంచకండి. ఇరుకుగా కూర్చోకుండా మూరెడు ఎడం ఉంటే ఇదంతా తేలికవుతుంది. కంజీర, తాళాలు మోగేవారిని కాస్త వెనక్కి కూర్చోమని అడగడం తప్పు కాదు.

గొంతు జాగ్రత్తలు పెద్దగా లేవు. పాడే రోజున నీళ్ళు ఎక్కువ తాగండి. పాడటానికి ముందు అయిదు నిమిషాలు నోరు మూసి 'మ్' అంటూ కింది స్వరాల నుంచి పైకి జారండి. నొప్పి వస్తే ఆపండి. బొంగురుతనం మూడు వారాలు దాటి ఉంటే మాత్రం ఒకసారి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. మిరియాల పాలు, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం లాంటివి మీ ఇష్టం. అవి హాయినిస్తాయి, స్వరాన్ని తెచ్చిపెట్టవు. స్వరాన్ని తెచ్చేది పాడగా పాడగా రాగం అన్న పెద్దల మాటే. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున మూడు నెలలు అని నా అనుభవం.

ఇంట్లోవాళ్ళు నవ్వడం గురించి అడిగారు. నవ్వుతారు. మా ఇంట్లోనూ నవ్వారు. నేను దివ్యనామ కీర్తన చరణాన్ని కూరగాయలు తరుగుతూ నలభైసార్లు పాడుతుంటే మావారు వరండాలోకి వెళ్ళి కూర్చునేవారు. నాలుగో నెలలో ఒక సాయంత్రం, నేను రెండో చరణం మాటలు మరిచిపోయి ఆగితే, వరండాలోంచి ఆయన అందించారు, వరసతో సహా. మీవారు కూడా అందిస్తారని మాట ఇవ్వలేను. కానీ ఇంట్లో ఒకరు రోజూ పాడుతుంటే ఆ పాట ఇంటిలో అందరికీ పట్టుకుంటుంది, వారికి ఇష్టం ఉన్నా లేకపోయినా.

ఈ శనివారమే వెళ్ళండి. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి తీసుకెళ్ళి, సాహిత్యాన్ని ఫోనులో ఫొటో తీసుకోకుండా చేత్తో రాసుకోండి, ఊపిరి తీసుకునే చోట చిన్న గీత పెట్టుకోండి. అందరికంటే వెనకాల గోడకు ఆనుకుని కూర్చోకండి, అక్కడ ఎవరి గొంతూ సరిగా వినబడదు. రెండో వరుసలో, నిలకడగా పాడే ఇద్దరి మధ్య చోటు అడగండి. మొదటి పాటకు నోరు మూసుకుని 'మ్' అని మాత్రం కలపండి, రెండోదానికి నోరు తెరవండి. అన్నింటికంటే ముందు, హార్మోనియం దగ్గర కూర్చున్నవారి పక్కకు వెళ్ళి, ఇంట్లో చూసుకున్న ఆ మెట్టు చూపించి, "నా శ్రుతి నాలుగండీ" అని చెప్పండి.